షాలిని రాసిన మూడక్షరాలు

తెల్లవారేసరికి కళింగపట్నం తీరంలో షాలిని చనిపోయి ఉంది. తుపాకీ గుండు వీపులో దిగింది. పక్కనున్న పడవ చెక్క మీద ఎర్ర లిప్‌స్టిక్‌తో మూడు జపనీస్ అక్షరాలు: サクラ.

ఆమె డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాలో మన మనిషి. ఆ ముఠావాళ్లకు తెలుగొచ్చు, ఇంగ్లీషొచ్చు, ఈ లిపి రాదు. దాన్ని ఆమెకు నేర్పింది ఏజెంట్ విక్టర్. శ్రీకాకుళంలో జపనీస్ మాస్టారి వేషం వేసి, క్లాసు ముసుగులో ఆమె దగ్గర రిపోర్టులు తీసుకునేవాడు. అక్షరాలు దిద్దిస్తూనే ఆమెను ప్రేమించాడు. ఆ రిపోర్టు మాత్రం ఎవరికీ పంపలేదు.

ఆమె పక్కన మోకరిల్లిన విక్టర్ ఇయర్‌పీస్‌లో చీఫ్ సత్యరాజు గొంతు పలికింది.

"సకురా. అంటే చెర్రీ పువ్వు. సాయంత్రం విజయనగరంలో జపాన్ ఇంజనీర్లు నాటేది ఆ మొక్కే. టార్గెట్ అదే. ఫోర్సంతా అక్కడే పెట్టాను."

"ఇంజనీర్లు ఇప్పుడెక్కడున్నారు సార్?"

"నౌపడలో. ఉప్పుమడులు చూసి స్పెషల్ కోచ్ ఎక్కుతారు. అక్కడంతా సేఫ్. నువ్వు బాధ పక్కనపెట్టి బయల్దేరు."

విక్టర్ కదల్లేదు. జపాన్‌వాళ్లు ఇంటి మాటలకు హిరగానా లిపి వాడతారు, బొమ్మలాంటి కంజి వాడతారు. కటకానా ఎక్కువగా పరాయి మాటలకు. అది మొదటి రోజు పాఠం. మరి జపాన్ పువ్వు పేరు షాలిని కటకానాలో ఎందుకు రాసింది?

పడవ యజమాని గంగులు సైకిలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"ఆ పిల్లని అలగొగ్గీసినారేటి బాబూ? పోలీసోలని పిలుద్దునంటే నా సైకిల్ సక్రం ఇసకలో దిగిపోనాది."

"ఏం దిగిపోయింది?"

"సక్రం బాబూ. సక్రం తెల్దేటి?"

విక్టర్ మళ్లీ పడవ చెక్క వైపు తిరిగాడు. జపనీస్‌లో వత్తులుండవు. 'క్ర' రాయాలంటే 'కు', 'ర' అని విడగొట్టాలి. సక్ర. సకుర. షాలిని ఈ ఊరి పిల్ల. బెజవాడ నోటితో అతను "చక్రం అనండి" అని దిద్దితే నవ్వేది.

"జపనీస్‌లో 'ల' లేదని నా పేరు షారిని సేసీసినారు మాస్టారూ. నాను సక్రం అంటే తప్పేటి?"

పాపం, చివరి సున్న రాసే టైం ఆమెకు దొరకలేదు. చక్రమంటే ఇంజనీర్లు ఎక్కబోయే కోచ్ చక్రమే.

జీపు నౌపడ చేరేసరికి గార్డు పచ్చజెండా ఎత్తాడు. గ్యాంగ్‌మన్ చొక్కా తొడిగిన విక్టర్ ఎర్రజెండాతో పట్టాల మీదకు దూకాడు. బండి కదిలి, కీచుమని ఆగింది. కోచ్ కింద, వెనక చక్రానికి బాంబు. ఒక్క చుట్టు పూర్తయితే ట్రిగ్గర్ పడుతుంది. ముప్పాతిక చుట్టు అయిపోయింది. బెల్టు బకిల్‌లోని కట్టర్‌తో వైరు తెంచాడు. పైన ఇంజనీర్లు టీ తాగుతూనే ఉన్నారు. అతను చక్రానికి తల ఆనించి ఏడ్చాడు.

"ఆపరేషన్ సకురా సక్సెస్. కంగ్రాట్స్," అన్నాడు చీఫ్.

"ఆ మాట కాదు సార్," అని విక్టర్ ఇయర్‌పీస్ తీసేశాడు.

షాలిని సమాధి సిమెంటు ఆరకముందే మేకుతో ఆమె పేరు రాశాడు. పరాయివాళ్ల పేర్లు రాసే కటకానాలో కాదు. ఇంటి అక్షరాల్లో, హిరగానాలో.

రూలు ప్రకారం అది తప్పే. మార్కులు వేసే మాస్టారు తనే కనుక దిద్దకుండా వదిలేశాడు.