గోడ మీద నిన్నటి తేదీ

"ముసలాయన పదకొండింటికి ఒంటరి. ఈ రోజే పని ముగించండి."

శత్రు ముఠా తన మనిషికి పంపుతుండగా దొరికిన ఆ సందేశాన్ని మెకానిక్ ముందుకు తోశాడు చీఫ్. 'మెకానిక్' అన్నది ఆ ఏజెంట్ కోడ్ నేమ్.

"ముసలాయనంటే మన కోడ్ మాస్టారే. సైన్యం వాడే సంకేతాలన్నీ ఆయన బుర్రలోంచి వచ్చినవే. ఆయన్ని చంపి కోడ్ బుక్ పట్టుకుపోతారట. ఆయన ఎప్పుడు ఒంటరిగా ఉంటాడో వాళ్లకెలా తెలిసిందయ్యా?"

మెకానిక్‌కు వెంటనే ఆ ఇంటి కెమెరాలు గుర్తొచ్చాయి. మాస్టారు అమ్ముడుపోయాడేమోనని డిపార్ట్‌మెంట్ అనుమానించినప్పుడు, ఆరు వారాల కిందట రిపేరు మనిషి వేషంలో వెళ్లి ఆ ఇంట్లో నాలుగు కెమెరాలు బిగించింది తనే. "ఇక దొంగల భయం ఉండదు మాస్టారూ" అని అబద్ధమాడిందీ తనే. రికార్డింగంతా మెట్ల కింది గదిలోని నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బాకు చేరుతుంది. ఆఫీసులో కూర్చుని అతను చూస్తాడు. ఇన్నాళ్లలో మాస్టారు చేసిన నేరమల్లా కళ్లజోడు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతుక్కోవడం.

ఫోన్లో ఆ డబ్బాలోకి ఎవరెప్పుడు వచ్చారో చూపే లాగ్ తెరిచాడు. తొమ్మిది రోజులుగా ఇంకెవరో తన పాస్‌వర్డ్‌తోనే వచ్చి కెమెరాలు చూస్తున్నారు.

ఆ పాస్‌వర్డ్ చనిపోయిన భార్య ముద్దుపేరు. రోజుకొక్కసారైనా ఆ పేరు టైపు చెయ్యొచ్చని బిగించిన ప్రతి డబ్బాకూ అదే పెట్టేవాడు. దాన్ని ఒక్క నెమలికే చెప్పాడు. ఆకుపచ్చ పట్టుబట్టల్లో మెరిసిపోతూ రెండు పక్షాలకూ పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. "మీ ఆవిణ్ణి ఏమని పిలిచేవాడివి?" అని హోటల్ లాబీలో అడిగింది. అలా అడిగేవాళ్లు లేక చాన్నాళ్లయింది. చెప్పేశాడు.

"తప్పు నాది సర్."

"తర్వాత ఏడుద్దువుగాని. టైమెంత?"

"పదీ ఇరవై."

"మరింకా కూర్చున్నావేం?"

కెమెరాలు ఆపేస్తే ముఠా జారుకుంటుంది, రేపు ఇంకో దారిన వస్తుంది. అందుకని కార్లోంచే ఫోన్‌తో డబ్బాలోకి లాగిన్ అయి, లైవ్‌కు బదులు నిన్నటి రికార్డింగ్ నడిచేలా పెట్టాడు. తెర మూలన కనబడే తేదీని కూడా మార్చాడు. మాస్టారు రోజూ అదే స్వెటర్‌తో అదే కుర్చీలో కూర్చుంటాడు. ఎవరికీ తేడా తెలియదు.

తలుపు తీసిన మాస్టారి మొహంలోకి చూడడానికి అతనికి మొహం చెల్లలేదు.

"మెట్ల కింది గదిలోకి పదండి మాస్టారూ. తొందరగా."

"డబ్బా పాడైందా నాయనా?"

"పాడు చేసింది నేనే."

పదీ యాభై తొమ్మిది. తలుపు వెనక నక్కిన మెకానిక్ చూపు ఎదురు గోడ మీద పడింది. రోజుకో కాగితం చింపే క్యాలెండర్. అరచేతంత అంకెలు. కెమెరాకు సరిగ్గా ఎదురుగా!

రికార్డింగ్‌లో ఆ గోడ మీద ఉన్నది నిన్నటి తేదీ. తెర ముందున్నది నెమలి. ఆమె కళ్ల నుంచి చీమ కూడా తప్పించుకోలేదు.

ఇంతలోనే తలుపు కిర్రుమంది. సైలెన్సర్ పిస్టల్ లోపలికొచ్చింది, వెనకే మనిషి. ఖాళీ కుర్చీని చూసి అతను తెల్లబోయిన అర క్షణం చాలు. మెకానిక్ అతని మణికట్టు విరిచాడు, పిస్టల్ నేల మీద పడింది. కెమెరాలకు బిగించగా మిగిలిన కేబుల్‌తోనే చేతులు కట్టేశాడు.

హంతకుడి చెవిలోంచి జారిన ఇయర్‌పీస్ ఇంకా మాట్లాడుతోంది. తీసి చెవిలో పెట్టుకుని, "నేను, మెకానిక్‌ని" అన్నాడు.

"క్యాలెండర్ పదిన్నరకే చూశాను" అంది నెమలి. "మా వాళ్లకి చెప్పలేదు. పాస్‌వర్డ్ మార్చుకో. ఆవిడ పేరుతో తలుపు తీసినందుకు... ఏమనుకోకు."

లైన్ తెగింది.

మాస్టారు బయటికొచ్చాక మెకానిక్ తలొంచుకుని అంతా చెప్పేశాడు. అనుమానం, అబద్ధం, ఆరు వారాలు చూడడం, ఏదీ దాచలేదు.

"తెలుసులేవయ్యా" అన్నాడు మాస్టారు. "దొంగల కోసమైతే వంటగదిలో కెమెరా దేనికి, గరిటెలెత్తుకుపోతారనా?"

"క్షమించండి మాస్టారూ. అంతా ఇప్పుడే చెరిపేస్తాను."

"ఆగాగు!" మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నాడు. "ముందు మంగళవారంది వేసి చూడు. నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమిటో!"