రెండో బావి

జహీరాబాద్ స్టేషన్లో రైలు దిగేసరికి జగన్‌మోహన్ మనసు తేలిగ్గా ఉంది. హైదరాబాదులో ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధన, రెండేళ్ల కష్టం. ఇంకో నాలుగు పేజీలు రాస్తే పూర్తయిపోతుంది. ఆ నాలుగు పేజీల కోసమే 1944 ఎండాకాలంలో మళ్లీ ఈ ఎర్రమట్టి దారి పట్టాడు. మైక్రోస్కోపు పెట్టెను కూలీ నెత్తిన పెట్టాడు గాని, కాచి చల్లార్చిన నీళ్ల సీసాను మాత్రం తన భుజం దిగనివ్వలేదు.

అతని పరిశోధన నారికురుపు మీద. మెట్ల బావిలోకి దిగి నీళ్లు ముంచుకునే ఊళ్లలో ఆ జబ్బు ఇంటికొకరికి ఉంటుంది. బావి నీళ్లలో కంటికి ఆనీ ఆనని పురుగులుంటాయి. అవి కడుపులోకి పోయిన ఏడాదికి కాలి మీద బొబ్బ లేస్తుంది. బొబ్బ చిట్లితే తెల్లటి దారంలాంటి పాము తల బయటపెడుతుంది, దాన్నే నారి అంటారు. దాన్ని గుంజకూడదు. పుల్లకు చుట్టి, రోజుకొక చుట్టు చొప్పున తిప్పుతూ బయటికి తీయాలి. మధ్యలో తెగితే చీము పట్టి మనిషే పోవచ్చు.

ఇందుకోసం అతను రెండు బావులు ఎంచుకున్నాడు. కోహీర్ దగ్గరి బావిలో మందు కలిపించి, నీళ్లను బట్టతో వడగట్టుకోమని గడప గడపకూ తిరిగి చెప్పాడు. న్యాల్‌కల్ వైపు ఒక చిన్న పల్లెలో ఉన్న రెండో బావిని ఉన్నదున్నట్టు వదిలేశాడు. ఏడాది తిరిగాక రెండు చోట్లా ఎంతమందికి జబ్బు వచ్చిందో పోల్చి చూడాలి. పోల్చాలంటే రెండో ఊరివాళ్లు ఆ నీళ్లు అట్లాగే తాగుతూ ఉండాలి. పాపం, వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి మన జగన్‌మోహనే.

నిరుడు ఆ ఊళ్లో వారం రోజులు అతనికి జొన్నరొట్టెలు చేసి పెట్టింది దేవమ్మ అనే ముసలామె. వెళ్లే రోజున అడిగింది.

“పట్నంల సదువుకున్నోనివి బిడ్డా. గీ బాయి నీళ్లు మంచియేనా? తాగొచ్చునా?”

“మంచి నీళ్లేనమ్మా. తాగండి” అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు వణకలేదు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా భయపడాల్సింది దానికే.

ఎడ్లబండి ఆ పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊళ్లోకి పోకముందే బావి నీళ్లు పట్టుకుందామని జగన్‌మోహన్ సీసాలు తీసుకుని మెట్లు దిగాడు. పైన ఇంకా ఎండ ఉంది. పది మెట్లు దిగేసరికి చల్లబడింది. ఇరవై దిగేసరికి మసకబడింది. రాళ్ల సందుల్లోంచి నాచు వాసన, గబ్బిలాల రెట్ట వాసన. దానికింద ఇంకేదో వాసన... పాత కట్టు విప్పినప్పుడు వచ్చేది. చుక్క చుక్కగా ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. అతను వంగి సీసా ముంచబోయాడు.

“వచ్చినవా బిడ్డా...”

అవతలి మూల, కింది మెట్టు మీద దేవమ్మ కూర్చుని ఉంది. కుడికాలు మోకాలిదాకా నీళ్లలో ఉంది.

“నువ్వా దేవమ్మా! భయపెట్టేశావు. ఈ చీకట్లో ఏం చేస్తున్నావు?”

“కాలు మండుతుంది. నీళ్లల్ల పెడితే జర సల్లగుంటది.”

అతనికి తెలుసు. ఆ కాలి పుండులోంచే పాము లక్షల పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. వెంటనే కాలు తీయించాలి. కానీ అతనికి ముందు గుర్తొచ్చింది తన రిజిస్టరు. ఈ ఊరి జాబితాలో ఒక పేరు దొరికిందనుకున్నాడు. ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాడు కూడా, కాకపోతే ఆలోచన వచ్చాక.

ఆమె చెంబుతో నీళ్లు ముంచి చాపింది. “ఎండల వడి వచ్చినవ్. తాగు.”

“నా దగ్గర ఉన్నాయిలే అమ్మా.”

“ఏం... గివి మంచియి కావా?”

చెంబు అట్లాగే అతని ముందు ఉంది. కావు అన్నాడంటే రేపటికి ఊరంతా తెలుస్తుంది, ఎందుకు దాచావని నిలదీస్తారు. తాగకపోయినా తెలిసిపోతుంది. చెంబు అందుకున్నాడు. కళ్లు మూసుకుని తాగాడు. నీళ్లతో పాటు మెత్తగా ఏదో నాలుక మీదుగా పాకినట్టయింది.

“మంచిగున్నయా?” ఆమె గుసగుసగా అడిగింది.

“మంచిగున్నాయి.”

పైనుంచి బండివాడి కేక వినిపించింది. “ఎవలతోని మాట్లాడుతున్రు సార్?”

జగన్‌మోహన్ తలెత్తి మళ్లీ తల దించేలోపల ఆ మూల ఖాళీ. నీళ్లు కదల్లేదు. ఆమె కూర్చున్న మెట్టు... పొడిగా ఉంది. అతను పరుగెత్తాడు. ఎన్నిసార్లు జారాడో, సీసాలు ఎక్కడ పగిలాయో తెలియదు.

ఊరి పెద్ద శరణప్ప చావడిలో కూర్చోబెట్టి విసనకర్రతో విసిరాడు.

“దేవమ్మనా? మొన్న పున్నానికి పోయింది సార్. నారి తెగింది, కాలు గింత లావు వాచింది. ఆఖరికి మంటకు తాళలేక బాయిల కాలు పెట్టుకొని, ఆ మెట్టు మీదనే పానం ఇడిసింది. గీ నీళ్ల తోని గిట్ల అయితుందేమో అని మాకు శక్ వచ్చింది. గని మీరు మంచియన్నరని ఆమెనే అందరికీ చెప్పింది.”

ఇప్పుడైనా చెప్పవచ్చు. ఒక్క మాట. జగన్‌మోహన్ నోరు తెరిచాడు, కానీ రెండేళ్ల కష్టం కళ్ల ముందు తిరిగింది. ఊళ్లో జబ్బుపడ్డవాళ్లు పదిహేడు మంది. చచ్చిపోయినామెను కలపాలా వద్దా అని కాసేపు ఆలోచించి, పద్దెనిమిది అని రాసుకున్నాడు.

మూడో రోజు జహీరాబాద్‌లో, బస చేసిన గదిలో, నాలుక కింద బొబ్బ లేచింది.

దవాఖానలో డాక్టరు అద్దం పెట్టి చూశాడు, తుడిచి మళ్లీ చూశాడు. “నారి బయటికి రావాలంటే ఏడాది పడుతది. మూడు దినాలల్ల ఎట్ల వచ్చింది?” అని తనలో తనే అనుకున్నాడు. తెల్లటి కొసను చిన్న పుల్లకు చుట్టి, పెదవి పక్కన పట్టీతో అతికించాడు. “రోజుకొక చుట్టు తిప్పుత. నాలుక కదపొద్దు. ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. నోట్లె తెగితే గొంతు మూసుకపోతది.”

నాలుగు రోజుల్లో నాలుగు చుట్లు వచ్చాయి. ఐదో రోజు పొద్దున్నే మొగుడంపల్లిలో కలరాతో మనుషులు పడిపోతున్నారని కబురొస్తే, డాక్టరు కాంపౌండరును వెంటబెట్టుకుని వెళ్లాడు. మూడు రోజుల దాకా రానని చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే శరణప్ప వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“తబియత్ ఎట్లున్నది సార్? రేపు మా బిడ్డ లగ్గం. మూడొందల మంది సుట్టాలొస్తున్రు, పిల్లా జెల్లా అందరు. నీళ్లకు పక్కూరికెల్లి బండ్లు పెడదామనుకున్న. మా ఆమె అన్నది, సారే మంచియని చెప్పె, ఫికర్ ఎందుకని. మన బాయి నీళ్లే వాడుతున్నం.”

జగన్‌మోహన్ లేచి కూర్చున్నాడు. మూడొందల మంది. రాసి చూపిద్దామంటే శరణప్పకు చదువు రాదు. చదివి చెప్పడానికి డాక్టరూ కాంపౌండరూ లేరు. తల అడ్డంగా ఊపితే శరణప్ప నొప్పనుకున్నాడు. డిగ్రీ పోతే పోయింది. గొంతు మూసుకుపోతే పోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన సంగతి మరిచిపోయాడు. శరణప్ప చెయ్యి గట్టిగా పట్టుకుని నోరు తెరిచాడు.

“తా...”

పెదవి పక్కన ఏదో కదిలింది. పట్టీ ఊడి ఒడిలో పడింది.

నాలుక వెనక్కి పోయింది. అతను పోనిచ్చింది కాదు. గొంతు లోపల, బాగా లోతున, ఎవరో దారం కొస పట్టుకుని లాగుతున్నారు. మెల్లగా, ఓపికగా.

“ఏంది సార్? ఏమన్న గావాల్నా?”

మాట రాలేదు. కళ్లలోంచి నీళ్లు కారాయి.

“ఏడ్వకున్రి సార్. మీరు రాకున్నా మీ పేరు చెప్పి అందరికీ నీళ్లు పోస్త” అని శరణప్ప చెయ్యి విడిపించుకుని లేచాడు. చెప్పుల చప్పుడు వరండా దాటింది.

ఎవరూ ముట్టని పుల్ల పెదవి మీద ఒక చుట్టు తిరిగింది. లోపలికి.

తర్వాత ఇంకో చుట్టు.