నోరూరిన రోజు

అంగారకుడి మీది అరుణపురంలో భోజనాల గంట మోగితే ఎవరికీ నోరూరదు. ఎర్రధూళి అందరి లాలాజల గ్రంథులనూ ఎండగట్టేసింది. ఉమ్మి లేని నోట్లో పళ్ళూ నిలవలేదు. పెద్దవాళ్ళు గొట్టంలోంచి జావ పిండుకుని, నీళ్ళు తాగుతూ ఎలాగో మింగుతారు. పసివాళ్ళకు అదే గొంతుకు అడ్డం పడుతుంది. అలా పొలమారి పోయిన పిల్లల పేర్లు ఊళ్ళో ఎవరూ ఎత్తరు.

అందుకే డాక్టర్ హైమ 'అంకుర సేద్యం' మొదలుపెట్టింది. ఎలుక పిండంలో అప్పుడే మొలకెత్తుతున్న పన్నునూ గ్రంథినీ తీసి, పోషక ద్రవంలో మనిషి కణాల పక్కన పెంచుతుంది. ఏ అవయవంగా ఎదగాలో తెలియని మన కణాలు వాటి దగ్గర నేర్చుకుంటాయి. కొన్నాళ్ళకు గాజు పళ్ళెంలో బియ్యపు గింజంత పన్ను, ద్రాక్షగుత్తి లాంటి గ్రంథి తయారవుతాయి. పాఠం చెప్పే ఎలుక పిండం లేకపోతే సేద్యమే లేదు.

ఆ ఎలుకలను సాకేవాడు కోదండం. ప్రతిదానికీ ఓ పేరు పెట్టి పిలిచేవాడు. తెగులు సోకి అన్నీ పోగా, అప్పుడే చూలు కట్టిన గౌరి ఒక్కటే మిగిలింది. భూమి నుంచి ఓడలు రావడం ఎప్పుడో మానేశాయి.

పళ్ళెంలో ఒక్క మనిషికి సరిపడా పంట సిద్ధమైంది.

"ముందు నాకు పెట్టండి డాక్టరమ్మా. వికటిస్తే నేనే పోతాను. బాగుంటే మా పాప తరళకు పెడుదురుగాని," అన్నాడు కోదండం.

"తరళకైనా, మిగతా పిల్లలకైనా ఇక గౌరి కడుపులోవే దిక్కు. జాగ్రత్త."

"కంటికి రెప్పలా చూసుకోనూ!"

చికిత్స ఫలించింది. కోదండం నోరు తడిసింది, చిగుళ్ళలో పళ్ళు నిలిచాయి. హైమ ఆనందంతో ఏడ్చేసింది. ఉమ్మి ఊరుతుందా లేదా అనే ఆమె పరీక్షించింది. దేన్ని చూసి ఊరుతుందని అడగలేదు.

కొన్నాళ్ళకు ఓ ఉదయం బోను ఖాళీగా కనిపించింది. పక్కనే కోదండం కూలబడి ఉన్నాడు.

"గౌరి ఏదయ్యా?"

"జావ చూస్తే ఊరలేదమ్మా," అన్నాడు తలెత్తకుండా. "మేత వేద్దామని దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. బుద్ధెరిగాక మొదటిసారి నోరూరింది. ఆపుకోలేకపోయాను."

కంచే చేను మేసింది. హైమకు కోపం కూడా రాలేదు, బోను తలుపు మూసిందంతే.

భోజనాల గంట మోగింది. పక్కగదిలో తరళ పొలమారి దగ్గుతోంది, ఆగకుండా. కోదండం గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే ఖాళీ బోను వైపు చూసి గుటక వేశాడు.