నలభై కొక్కేలు

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళాం. వెళ్ళాలని నాకేం లేదు. పదో తరగతి చదివే మా అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు, యుద్ధకాలంలో మామూలు జనం ఎలా బతికారో చూసి రాయమని. సోమవారం ఇచ్చెయ్యాలి. ఆ సంగతి అది నాకు చెప్పింది ఆదివారం పొద్దున.

ఒకప్పుడు సైన్యం సామాన్లు దాచుకున్న గిడ్డంగి అది. ఇప్పుడు ఎగ్జిబిషన్ చేశారు. మందపాటి గోడలు, చిన్న చిన్న కిటికీలు. మా ఆయన మోకాలి నొప్పని కారులోనే ఉండిపోయారు. "మీరిద్దరూ చూసి రండి, నేనో కునుకు తీస్తా" అన్నారు. మోకాలికీ కునుకుకీ సంబంధం ఏమిటో ఆయనకే తెలియాలి.

పై హాల్లో అద్దాల పెట్టెలు. బూట్లు, సొట్టలు పడ్డ గిన్నెలు, ఎవరో ఎవరికో రాసి పంపని ఉత్తరాలు. ప్రతిదాని పక్కనా ఓ బోర్డు, బోర్డు నిండా చీమల్లాంటి అక్షరాలు. మా అమ్మాయి ఒక్కొక్కటీ నిలబడి చదివింది. నేను ఒక్కటీ చదవలేదు. ఐదింటికి మూసేస్తారు. ఇంటికెళ్ళి ఇస్త్రీ, వంట, ఆపైన దీని ప్రాజెక్టు.

హాలు చివర ఇనుప తలుపు. దాని వెనక నేలమాళిగలోకి మెట్లు. విమానాలొచ్చి బాంబులు వేసేటప్పుడు చుట్టుపక్కల వీధుల జనం అందులో దాక్కునేవారట. తలుపు పక్కన కాపలా ముసలాయన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అతని వెనక గోడకు చెక్క పలక, పలక మీద నాలుగు వరసల కొక్కేలు. కొక్కేనికో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు.

"దిగేవాళ్ళు తలా ఒకటి తీసుకోవాలమ్మా. పైకొచ్చాక ఇచ్చెయ్యాలి. నలభై కొక్కేలూ నిండితేనే తలుపు వేస్తాను. అప్పట్లో ఇదే పద్ధతి, ఇప్పుడూ ఇదే."

"పోతే?"

"పోగొట్టకండి."

మా అమ్మాయి చేతిలో ఏ వస్తువూ నిలవదు. గొడుగులు, పెన్నులు, ఇంటి తాళంచెవి. మా ఇంట్లో అందరి టికెట్లూ, కళ్ళజోళ్ళూ, మాత్రలూ నా సంచిలోనే ఉంటాయి. "ఇటివ్వు" అని దాని బిళ్ళ కూడా తీసుకుని నా సంచిలో వేసుకున్నాను.

కింద చల్లగా ఉంది. తడి సున్నం వాసన. దాని అడుగున తుప్పు వాసన. దానికీ అడుగున ఇంకేదో... చాలామంది పడుకుని లేచిన గదిలో ఉండే వాసన. పొడవాటి గది, రెండు గోడల వెంటా చెక్క బల్లలు. మేం తప్ప ఎవరూ లేరు. మా అమ్మాయి ఒక బల్ల మధ్యలో కూర్చుని నోటుబుక్కు తీసింది.

"ఫోటో తీసుకుని పద."

"బొమ్మ గియ్యాలి. ఫోటోకి మార్కులు వెయ్యరు."

"నాలుగున్నర దాటింది. నాన్న ఎదురుచూస్తుంటారు."

"నాన్న నిద్రపోతుంటారు. తొందరంతా నీదే. పశువుల్ని తోలినట్టు తోలుతావు, ఎక్కడికెళ్ళినా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

"సరే, ఉండు. ఇక్కడే ఉండు" అన్నాను.

బల్ల కిర్రుమంది. అది కదల్లేదు. వెనక్కి తిరిగి చూడాల్సింది. చూడలేదు. ఒళ్ళు మండిపోతోంది నాకు.

పైకి రాగానే ముసలాయన చెయ్యి చాచాడు. సంచిలో చెయ్యి పెట్టాను. రెండు బిళ్ళలూ కలిసి వచ్చాయి. కలిపే ఇచ్చేశాను. ఆయన వాటిని కొక్కేలకు తగిలిస్తున్నాడు. నేను బయటికి నడిచాను.

ముఖం కడుక్కుని గుమ్మం ముందు అరుగు మీద కూర్చున్నాను. అదే వస్తుంది, నేను మాత్రం వెళ్ళి బతిమాలను అని పంతం. లోపల ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడైంది. విన్నాను. ఏమీ అనుకోలేదు. ఐదయింది. ఐదూ పది. దాని ఫోన్‌కి చేస్తే అందుబాటులో లేదంటోంది.

లోపలికి వెళ్ళేసరికి హాల్లో సగం దీపాలు ఆర్పేశారు. ముసలాయన తాళాల గుత్తి నడుముకు కట్టుకుంటున్నాడు.

"మా అమ్మాయి ఇంకా రాలేదు."

"లోపల ఎవరూ లేరమ్మా. కొక్కేలు నిండాయి."

"అది లోపలే ఉంది."

"నలభైకి నలభై ఉన్నాయి, మీరే చూసుకోండి. ఏ పక్కనుంచో వెళ్ళిపోయుంటుంది. ఈ కాలం పిల్లలు చెప్పి వెళ్తారా?"

"నేను కన్నపిల్ల ఎక్కడుందో మీ కొక్కేలు చెప్తాయా నాకు?"

"పద్ధతమ్మా..."

"దాని బిళ్ళ నేనే ఇచ్చాను. రెండూ నేనే ఇచ్చాను మీకు."

తాళాల చప్పుడు ఆగిపోయింది. ముసలాయన నా ముఖంలోకి చూశాడు.

"రెండూనా?" అన్నాడు. తర్వాత మెల్లిగా, "బోర్డు చదవలేదా అమ్మా?"

"ఏ బోర్డు?"

గుత్తిలో తాళంచెవి వెతుకుతూ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. యుద్ధం నాటి మాట. ఒకాయన తన వీధివాళ్ళ బిళ్ళలన్నీ పోగుచేసి పైకి తెచ్చి ఇచ్చేశాడు, వాళ్ళు వెనకే వస్తున్నారని. కొక్కేలు నిండాయి. తలుపు వేశారు. పద్ధతి ప్రకారమే వేశారు. ఆ తర్వాత బాంబులు పడ్డాయి, ఈ వైపు ఎవరూ రాలేదు. పదకొండు రోజులు.

"మరి వాళ్ళు?"

"బల్లల మీదే... ఒకరి మీద ఒకరు ఆనుకుని. నిద్రపోతున్నట్టే ఉన్నారట."

మొదటి చెవి పట్టలేదు. రెండోదీ పట్టలేదు. నేను తలుపు మీద బాదాను. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. మూడో చెవి తిరిగింది. కింద లైట్లు రేపు పొద్దుటిదాకా రావట, తలుపుతో పాటే ఆరిపోయే ఏర్పాటట. అదో పద్ధతి. ఆయన టార్చి నా చేతిలో పెట్టాడు.

"నేను తలుపు పట్టుకుంటాను. దిగలేను."

దిగాను.

సగం మెట్ల దగ్గర వినిపించింది. ఊపిరి. ఒకరిది కాదు... కిక్కిరిసిన రైలుపెట్టెలో అందరూ నిద్రపోతుంటే వస్తుందే, అలాంటిది. గాలి వెచ్చగా ఉంది. ఇందాక చల్లగా ఉన్న గది.

టార్చి వేశాను. ఖాళీ బల్ల. ఖాళీ బల్ల. మా అమ్మాయి.

బల్ల మధ్యలో అక్కడే ఉంది. మోకాళ్ళు దగ్గరకు నొక్కుకుని, భుజాలు ముడుచుకుని, చేతులు రొమ్ముకు అదుముకుని. ఇటూ అటూ బారెడు బారెడు చోటు ఖాళీగా ఉంది. అది మాత్రం వేలెడు సందులో ఇరుక్కున్నట్టు కూర్చుంది.

"అమ్మా" అని పెదాలు మాత్రం కదిపింది. "నెమ్మదిగా... పడుకున్నారు."

"లే. పద."

"లేవలేను. నా మీద ఆనుకున్నారు."

రెక్క పట్టుకుని లాగాను. రాలేదు. పదిహేనేళ్ళ పిల్ల, ఎత్తితే నలభై కిలోలు లేదు. తడిసిన పరుపును లాగినట్టుంది. మళ్ళీ లాగాను. దాని తల అటూ ఇటూ ఊగింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. నా మీద నాకే కోపం... దాని మీద, ఆ ముసలాయన మీద, కారులో కునుకు తీస్తున్న మనిషి మీద కోపం... అంతా నోట్లోకి వచ్చింది. రోజూ పొద్దున మా ఇంట్లో వినిపించే గొంతే, నాకు తెలిసింది అదొక్కటే.

"లేస్తావా లేదా? ఎంతసేపు నిద్ర? లే, లే, తెల్లారింది."

గది మారుమోగింది.

ఊపిరి ఆగిపోయింది. ఒక్కసారిగా, అన్నీ.

మా అమ్మాయి చెయ్యి తేలికైంది. లేచి నా మీద పడింది. దాని వెనక బల్ల కిర్రుమంది... ఈ చివరినుంచి ఆ చివరిదాకా. తర్వాత ఎదుటి గోడ బల్ల కూడా.

టార్చి అటు తిప్పలేదు. పిల్లను ముందు పెట్టుకుని మెట్లెక్కాను. వెనక్కి చూడలేదు. మెట్ల మీద మా అడుగులు ఎన్నో, మావి కానివి ఎన్నో నాకు తెలియదు.

"వెయ్యండి తలుపు" అన్నాను పైకి రాగానే.

ముసలాయన వెయ్యలేదు. వీపు గోడకు ఆనించి, కడుపు లోపలికి పీల్చుకుని, దారి ఇచ్చినట్టు నిలబడ్డాడు. కళ్ళు నేల మీద ఉన్నాయి.

"ఆగండమ్మా" అన్నాడు.

చాలాసేపు పట్టింది. అంతసేపూ గుమ్మంలోంచి వెచ్చటి గాలి వస్తూనే ఉంది. అది ఆగాక తలుపు వేసి తాళం పెట్టాడు. 

మా ఆయన అప్పుడే లేచారు. "ఏమిటీ ఆలస్యం?" అన్నారు. చెప్పాను, తలుపు పడిందని. "చూసుకోవద్దూ?" అన్నారు, అంతే. మిగతాది చెబితే ఏమంటారో తెలుసు. చెప్పలేదు.

వీధి మలుపులో స్పీడ్‌బ్రేకర్ దగ్గర కారు అడుగు రోడ్డుకు గీరుకుంది.

"ఇదేమిటి?" అన్నారు. "ఆరుగురు ఎక్కినప్పుడు కూడా తగల్లేదే." దిగి చూశారు. చక్రాల్లో గాలి సరిగానే ఉంది. మళ్ళీ ఎక్కి, అద్దంలో వెనక సీటు చూసి, "అంత ఇరుక్కుని కూర్చున్నావేమే? సీటంతా నీదేగా" అన్నారు.

మా అమ్మాయి మోకాళ్ళు ఇంకాస్త దగ్గరకు నొక్కుకుంది.

"మెల్లిగా పోనివ్వండి" అన్నాను.

ఇంటి ముందు ముగ్గురం దిగాం. దిగాక వెనక్కి తిరిగి చూశాను. కారు వెనక భాగం కుంగే ఉంది. ఆయన తాళం వేసి లోపలికి వెళ్ళిపోయారు.

అది అన్నం ముట్టకుండా పడుకుంది. నేను దాని మంచం పక్కనే కుర్చీలో కూర్చున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

ఇప్పుడు ఏడైంది. దాన్ని లేపాలి. ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు. ఈ ఇంట్లో గట్టిగా పిలవడానికి నాకు నోరు రావడం లేదు, ఇంకెవరు లేస్తారో అని. చెత్తబుట్ట బయట పెడదామని వీధి తలుపు తీశాను. కారు మామూలు ఎత్తుకు లేచి ఉంది. నాలుగు తలుపులూ తాళం వేసినవి వేసినట్టే ఉన్నాయి.