పదిమందితో ఆడిన జట్టు

మత్తయ్య చనిపోయిన రోజు కోదాడలో సంత. గుంపులో ఎవరో కత్తితో పొడిచారు. చూసినవాళ్లు లేరన్నారు. అతను గూఢచారి విభాగం మనిషి కనుక పేరు లేకుండానే ఆ సాయంత్రం మట్టి చేశారు. అన్న దయాకర్‌ది కూడా అదే విభాగం. అతను పాస్టరును పిలవలేదు, ప్రార్థన పైకి చెప్పలేదు. దోసిలితో మట్టి వేసి, చేతులు కడుక్కుని, సూర్యాపేట బస్సెక్కాడు.

ఇంటికి రాగానే తల్లి అన్నమ్మ చిన్న కొడుకు సంగతి అడిగింది. బెజవాడలో పని దొరికిందని, బాగున్నాడని చెప్పాడు.

అది 1949 చలికాలం. ఊళ్లో దయాకర్ బడి డ్రిల్లు మాస్టరు. పై అధికారి హీరాలాల్‌ను అందరూ ధాన్యం వ్యాపారి అనుకుంటారు. మర్నాడు దుకాణం వెనుక, బస్తాల మధ్య, హీరాలాల్ గొంతు తగ్గించి పని అప్పగించాడు. మిర్యాలగూడలో మిల్లు యంత్రాలు అమ్మే విదేశీయుడు కార్వర్ నిజానికి దొంగ తుపాకుల ముఠాకు నాయకుడు. తుపాకుల మీద విచారణకు వస్తున్న అధికారి ఆదివారం సూర్యాపేటలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముఖ్య అతిథి. అక్కడే ఆయనను చంపాలని ప్లాను. హంతకుడు కార్వర్ శిక్షణ ఇచ్చిన మిర్యాలగూడ జట్టులో ఉన్నాడు. పదకొండు మందిలో ఎవరన్నది తెలియదు. అందరినీ ముందే పట్టుకుంటే కార్వర్ తప్పించుకుంటాడు.

"నువ్వు రిఫరీవి," అన్నాడు హీరాలాల్.

దయాకర్ తల ఊపాడు. "అమ్మకు ఎప్పుడు చెప్పాలి?"

"ఇప్పుడే వద్దు. మీ ఇంట్ల ఏడుపు వినబడితే కోదాడల సచ్చినోడు నీ తమ్ముడని, మనం ఎవరమో ముఠాకు తెలిసిపోతది. పని ఖతం కానీ. ఇగ అప్పుడు చెప్పు, నేనే ఇజాజత్ ఇస్తున్న."

ఆ అనుమతి కోసమే దయాకర్ పనికి ఒప్పుకున్నాడు.

హీరాలాల్ చెప్పినట్టే మిర్యాలగూడ బస్టాండులో పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో ఒక స్త్రీ నిలబడి ఉంది. బెజవాడ బస్సు వెళ్లిపోయిందా అని అతను అడిగాడు. నిన్ననే వెళ్లిందని ఆమె చెప్పింది. కోడ్ సరిపోయింది. ఆమె ఊర్మిళ. కార్వర్ బంగళాలో పాటలు పాడుతుంది. అతని జీతమూ తీసుకుంటుంది, విభాగం జీతమూ తీసుకుంటుంది.

"మీ తమ్ముడు ఆ రోజు కోదాడలో ఈ జట్టు ఆట చూశాడు. బయటికి రాగానే పొడిచారు. నేను వెళ్లేసరికి ఇంకా ప్రాణం ఉంది. వాళ్లు పదిమందే ఆడుతున్నారు, అన్నకు చెప్పు అన్నాడు." ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. "నేను లెక్కపెట్టానండీ. పదకొండు మంది ఉన్నారు."

"వాడి సంగతి కార్వర్‌కు చెప్పింది నువ్వేనా?"

"కాదు. మీరు నమ్మకపోయినా సరే."

 నమ్మడానికి గానీ నమ్మకపోవడానికి గానీ అతనిలో ఓపిక లేదు.

ఆదివారం మైదానం నిండింది. షామియానా కింద ముఖ్య అతిథి, రెండు కుర్చీల అవతల కార్వర్, అతని పక్కన ఊర్మిళ. విజిల్ మెడలో వేసుకుని దయాకర్ ఆట మొదలుపెట్టాడు.

మిర్యాలగూడ జట్టుది అందరికీ తెలిసిన అమరికే. వెనుక ఇద్దరు బ్యాకులు, మధ్యలో ముగ్గురు హాఫ్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డులు. కుడివైపు గడియారంలా నడుస్తోంది. ఎడమవైపు అలా లేదు. లెఫ్ట్ హాఫ్ మాటిమాటికీ ముందుకు పరుగెత్తి, ఎడమ అంచున ఆడే ఫార్వర్డు, అంటే లెఫ్ట్ వింగ్, చెయ్యవలసిన పని తానే చేస్తున్నాడు. అతను వదిలిన చోటు నింపడానికి సెంటర్ హాఫ్ పక్కకు జరుగుతున్నాడు. దానితో నడుమ దారి తెరుచుకుంటోంది. ఆ దారిలోనే సూర్యాపేట రెండు గోల్స్ కొట్టింది.

సూర్యాపేట రైట్ బ్యాక్ శంకరయ్య దయాకర్ పక్కనుంచి పోతూ నవ్వాడు. "సార్, గా లెఫ్ట్ వింగోడు పెళ్లికొచ్చినట్టు నిలబడ్డడు. వాని కాలికి బంతి తాకితే మైల పడతదా ఏంది?"

దయాకర్ నవ్వలేదు. లెఫ్ట్ వింగ్‌కు ఎవరూ బంతి ఇవ్వడం లేదు. అతనూ అడగడం లేదు. మిగతావాళ్లు వట్టి కాళ్లతో ఆడుతుంటే అతనొక్కడే మందమైన మేజోళ్లు తొడిగాడు. పదిమందే ఆడుతున్నారు. తమ్ముడు చూసింది ఇదే.

విరామంలో కార్వర్ ఆ మనిషి చోటు మార్చలేదు. ఆట తెలిసిన కోచ్ తన జట్టులో అంత పెద్ద లోపాన్ని ఉండనిచ్చాడంటే, అతనికి ఆ లోపం అవసరమే. ఎందుకో కూడా దయాకర్‌కు అర్థమైంది. మొదటి సగంలో వాళ్ల ఎడమ అంచు షామియానాకు దూరంగా, మైదానం అవతలి వైపు ఉంది. రెండో సగంలో జట్లు దిక్కులు మారతాయి. అప్పుడు లెఫ్ట్ వింగ్ షామియానా ముందు నిలబడతాడు.

అయినా అనుమానం రుజువు కాదు. ఆట అంటే తెలియని కుర్రాడెవడో అయితే? దయాకర్ నీళ్లు తాగే వంకతో హీరాలాల్ దగ్గరికి వెళ్లి, విజిల్ మోగినప్పుడు ఆగనివాణ్ణి చూడమన్నాడు.

చివరి నిమిషాలు. బంతి షామియానా వైపు గీత దాటింది. త్రో కోసం లెఫ్ట్ వింగ్ మొదటిసారి తానే వచ్చాడు. మేజోడు సర్దుకుంటున్నట్టు వంగాడు. అతిథి కుర్చీ నాలుగడుగుల దూరంలో ఉంది.

దయాకర్ విజిల్ ఊదాడు.

ఆటగాళ్లంతా ఉన్నచోటనే ఆగిపోయారు. అది ఏళ్లతరబడి ఆడగా వచ్చిన అలవాటు. లెఫ్ట్ వింగ్‌కు ఆ అలవాటు లేదు. మేజోట్లోంచి చిన్న పిస్తోలు తీసి లేచాడు. దయాకర్ అతని చేతి మీద పడ్డాడు, శంకరయ్య నడుము పట్టి లాగాడు. గుండు షామియానా గుడ్డను చీల్చుకుపోయింది. హీరాలాల్ మనుషులు చుట్టుముట్టారు. కార్వర్ కారు వైపు పరుగెత్తాడు గానీ తాళంచెవి ఊర్మిళ చేతిలో ఉంది. ఆమె ఇవ్వలేదు.

అతిథి చెమట తుడుచుకుంటూ, ఇంతకూ ఫౌల్ ఏమిటని అడిగాడు. ఫౌల్ ఏమీ లేదండీ, తప్పు విజిలే అన్నాడు దయాకర్.

రాత్రిలోగా మిర్యాలగూడ ముఠా అంతా దొరికింది. కోదాడలో పొడిచినవాడూ వాళ్లలో ఉన్నాడు. హీరాలాల్ దయాకర్ భుజం మీద చెయ్యి వేసి, ఇంటికి పో, ఇగ చెప్పు అన్నాడు.

అన్నమ్మ అన్నం పెట్టింది. మ్యాచ్ సంగతి ఊరంతా ఆమెకు చెప్పేసింది.

"చిన్నోడుంటే ఎంత సంబురపడుతుండె," అంది. "క్రిస్మస్‌కన్నా రమ్మని చెప్పు బిడ్డా. నీ మాటైతే ఇంటడు."

దయాకర్ సరేనన్నాడు. అన్నం తిన్నాడు. పళ్లెం కడిగి బోర్లించాడు.

చెప్పడానికి అనుమతి వచ్చింది. చెప్పడం ఇంకా కాలేదు.