చెరిపేసిన ఎర్ర గుర్తు

"మా ఆయన్ని లాకప్‌లో పెట్టారు బాబూ. నలుగురి చావుకీ ఆయనే కారణమంట," అంది సారమ్మ.

అది 1944 వేసవి. నరసరావుపేటలోని ప్రైవేటు డిటెక్టివ్ మస్తాన్‌రావు, ఆయన మాటంటే వేదవాక్కుగా భావించే అసిస్టెంటు కరీముల్లా ఆమె చెప్పింది విన్నారు. గురజాల దగ్గరి వాళ్ళ ఊళ్ళో కలరా సోకిన బావికి పంచాయతీ వారు ఎర్ర రంగుతో గుర్తు వేశారు. ఎవరో దాన్ని చెరిపేశారు. నీళ్ళు బాగుపడ్డాయనుకుని వాళ్ళ వాడ జనం తోడుకుని తాగారు; నలుగురు పోయారు. గుర్తు చెరిపింది ఆమె భర్త, బావి కావలివాడు ఇశ్రాయేలేనని పోలీసుల వాదన.

ఆ ఊరు వెళ్ళి, బావి గట్టు మీద జిడ్డు చారను మస్తాన్‌రావు వేలితో రాసి వాసన చూశాడు.

"మీ ఇంట్లో కిరసనాయిలు ఉందా అమ్మా?"

"యుద్ధమొచ్చినకాడ్నించి ఏడ దొరుకుతాంది బాబూ? పొద్దుగూకకముందే వండుకు తింటన్నాం."

"ఈ చుట్టుపక్కల ఎవరైనా ఊరు విడిచి వెళ్ళారా?"

"హెల్త్ ఇన్‌స్పెక్టరు జ్ఞానయ్య వాళ్ళమ్మ. గుర్తు పోయిన రోజు పొద్దున్నే చిలకలూరిపేట కూతురింటికి పోయింది."

వీధి దీపాలు వెలిగించే అలీ సాహెబ్ గుర్తు పోయిన రోజు దీపాలు పెట్టలేదన్నాడు. "కిరసనాయిలు డబ్బా హెల్త్ ఇన్‌స్పెక్టరు గారు తీసుకుపోయిండారు. గుంటల్లో దోమలకు పొయ్యాలన్నారు."

సాయంత్రం పంచాయతీ ప్రెసిడెంటు, పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరుతో సహా అందరినీ పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టారు.

"ఊళ్ళో గుంటలన్నీ ఎండి బీటలు వారాయి. ఆ నూనె ఎక్కడ పోశారు జ్ఞానయ్యగారూ?" అన్నాడు మస్తాన్‌రావు. "దానితోనే గుర్తు తుడిచారు. ఆ నీళ్ళు ఎలాంటివో తెలుసు గనకే ముందుగా తల్లిని పంపేశారు."

జ్ఞానయ్య తల వంచుకున్నాడు. "మర్నాడు కలెక్టరు గారు వస్తున్నారు. ఊళ్ళో కలరా ఆనవాలు కనబడకూడదన్నారు ప్రెసిడెంటు గారు. నాకు ముందున్న ఇన్‌స్పెక్టరు ఉన్నది ఉన్నట్టు చెప్పి మన్యానికి బదిలీ అయ్యాడు. అక్కడ జ్వరమొచ్చి పోయాడు. నాకూ పిల్లలున్నారండీ. కలెక్టరు వెళ్ళగానే గుర్తు మళ్ళీ వేద్దామనుకున్నా."

"చెరపమని నేనన్నానా?" అన్నాడు ప్రెసిడెంటు. సబ్‌ఇన్‌స్పెక్టరు ఆయన వైపు చూడలేదు.

"మీ అమ్మకు చెప్పినోడివి, మాకో మాట చెప్పకపోతివేంది అబ్బాయ్?" అంది సారమ్మ.

జ్ఞానయ్యకు బేడీలు పడ్డాయి. ఇశ్రాయేలు ఇంటికి వచ్చాడు.

వారం తరువాత వాంగ్మూలం ఇవ్వడానికి మస్తాన్‌రావు, కరీముల్లా మళ్ళీ ఆ ఊరు వెళ్ళారు. అదే బస్సులోంచి కొత్త హెల్త్ ఇన్‌స్పెక్టరు దిగాడు. కలరా బావి ఎటువైపని అడుగుతాడేమోనని కరీముల్లా ఆశగా చూశాడు.

ఆ యువకుడు చొక్కా సర్దుకుని, ప్రెసిడెంటు గారి ఇల్లెక్కడని అడిగాడు.