ఐసు ఫ్యాక్టరీ మలుపులో చెయిన్

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ మలుపంటే మా వాళ్లందరికీ హడలే. చీకటి పడ్డాక ఆ దారిన వెళ్లే బండి ఏదో ఒక వంకతో అక్కడ ఆగిపోతుందని చెప్పుకునేవాళ్లు. ఎందుకాగుతుందో చూడ్డానికి మాత్రం ఎవరూ నిలబడలేదు...

మా పిన్ని నిలబడింది.

పిన్ని కాన్పులు చేసే నర్సు. ఆ రాత్రి ఒకరింట్లో కోడలికి నొప్పులు మొదలయ్యాయని ఫోనొస్తే, బాబాయి పాత మోటారు సైకిలేసుకుని బయల్దేరింది. చెయిన్ లూజై, దారి పొడుగునా టకటకమని కవరుకి కొట్టుకుంటూనే ఉంది. సరిగ్గా ఆ మలుపులో — ఊడిపోయింది.

డబుల్ స్టాండు వేసి, ఫోను వెలుగులో చెయిన్ ఎక్కించింది. వెనక చక్రం నట్టు వదులు చేసి, రెండు పక్కలా సమానంగా సర్ది, కింద వేలు పెట్టి చూసింది. ఆడాల్సినంతే ఆడుతోంది.

స్టాండు తీసింది... బండి కుయ్యోమంది.

చెయిన్ తీగలా బిగుసుకుపోయింది. స్టాండు వేస్తే వదులు. తీస్తే బిగువు. అప్పుడు చూసింది — బరువేదో పడ్డట్టు వెనక స్ప్రింగులు అణిగిపోయి ఉన్నాయి. టైరు నొక్కుకుపోయింది. సీటు మీద ఎవరూ లేరు.

బండి వదిలేసి పారిపోదామనుకుంది. కానీ అవతల తొలి కాన్పు... పురిటి గదికి అడ్డొచ్చే మొగుళ్లని గదమాయించే గొంతుతో, "ఎవరో గానీ, దిగు," అంది.

కిర్రుమని స్ప్రింగులు లేచాయి. చెయిన్ వదులైంది.

చెవి పక్కనే చల్లగా ఓ గుసగుస... "నేనూ ఆ ఇంటికేనమ్మా. ఇప్పటికే ఆలస్యమైపోయింది."

వాదించే టైము లేదు. ఎక్కి కదలకుండా కూర్చోమంది. స్ప్రింగులు మళ్లీ అణిగాయి. ఇద్దరి బరువుకీ సరిపడా చెయిన్ వదులు చేసి, నట్టు బిగించి, వెనక్కి తిరిగి చూడకుండా నడిపింది.

ఆ ఇంటి గుమ్మం ముందు బండి ఒక్కసారిగా తేలికైపోయింది.

లోపలికెళ్తే — కాన్పు అయిపోయింది. అత్తగారు మనవణ్ణి గుడ్డలో చుట్టి పట్టుకునుంది. ఇక నీతో పనేం లేదన్నట్టు మొహం పెట్టింది. పిన్ని గుమ్మం వైపు తిరిగి చూసింది. ఎవరినో, దేన్నో వెంటబెట్టుకొచ్చి, పసిగుడ్డు ఉన్న ఇంట్లో దించేసింది... ఇప్పుడెలా వెళ్లగొట్టడం?

అంతలో మంచం మీద కోడలు మళ్లీ మూలిగింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది.

అత్తగారు బిత్తరపోయింది. "ఇదేంటమ్మా... ఇంకో బిడ్డా? డాక్టరు ఒక్క బిడ్డే అన్నారే?"

పిన్ని చేతులు కడుక్కుంటూ నెమ్మదిగా చెప్పింది.

"వీడు నా బండి మీద వచ్చాడులెండి."